ఆడోళ్ళ లైను

దానమ్మ చెప్పులు లైన్లో నిలబడి ఉన్నాయి. దానమ్మ మాత్రం మూసేసిన పంక్చర్ షాపు రేకుల కింద, అడుగున్నర నీడలో, గోడకు వీపు ఆనించి వాటినే చూస్తూ ఉంది. రోడ్డు వారన సున్నంతో గీసిన గుండ్రాల్లో మగవాళ్ళ చెప్పులు ఆదోని వైపు కనుచూపు మేరా ఉన్నాయి. తోలువి, రబ్బరువి, ఒకచోట చెప్పుకు బదులు ఇటుకరాయి, ఒకచోట హెల్మెట్టు, ఇంకోచోట ఎవరో పెద్దమనిషి పెట్టిపోయిన గొడుగు. వాటి యజమానులంతా ఎదురుగా తుమ్మచెట్ల కింద గుంపుగా చేరి, దూరం దూరం అని పోలీసు అరిచినప్పుడల్లా ఒక అడుగు జరిగి, అతను అటు తిరగ్గానే మళ్ళీ దగ్గరవుతున్నారు. లాక్‌డౌన్ పెట్టిన నలభై రెండు రోజులకు ఇవాళ బ్రాందీ షాపు తెరుస్తున్నారు. పదకొండుకు తెరుస్తామన్నారు, ఇంకా గంట ఉంది. జాతర రోజున కూడా ఎమ్మిగనూరు మగవాళ్ళ మొహాల్లో ఇంత వెలుగు చూడలేదు దానమ్మ. మొహాలు సగం గుడ్డల వెనకే ఉన్నా ఆ వెలుగు కళ్ళల్లోంచి కారిపోతూనే ఉంది. తన కళ్ళల్లో కూడా ఉందేమోనని భయపడి ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"ఆడోళ్ళు ఇటు రాండమ్మా, మీకు వేరే లైను" అని పోలీసు పొద్దున పిలిచినప్పుడు ఆమె వెనక్కి తిరిగిపోదామనుకుంది. పోలీసు గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలే ఆమెను కాపాడింది. ఈ ఊళ్ళో బ్రాందీ షాపు ముందు ఒక ఆడమనిషి నిలబడితే దానికి ఒకటే అర్థం. ఇంట్లో ఒక మగాడు కూర్చుని ఉన్నాడు, లేవలేకనో సిగ్గుపడో పెళ్ళాన్ని తరిమాడు. ఇంకో అర్థం ఉండొచ్చని పోలీసుకు గానీ, తుమ్మచెట్ల కింది మగవాళ్ళకు గానీ తట్టదు. వాళ్ళకు తట్టకపోవడమే ఇన్నేళ్ళూ ఆమెకు నీడ. ఆడవాళ్ళ లైన్లో ఆరు గుండ్రాలు గీస్తే నాలుగే నిండాయి. ముందు ఇద్దరూ ఎవరో తెలియదు, మూడోది తను, నాలుగోది సుగుణమ్మ అనే ముసలామె. ఆమె వచ్చీ రాగానే ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. "నా కొడుకు తిరుపాల్‌కమ్మా. వానికి మందు ల్యాకుంటే ఇంట్లో సామాను ఇసిరికొడతాడు. ఏం జేద్దును, కన్నందుకు తప్పుతాదా. నీకెవురికి?" దానమ్మ మాట తడుముకుని "మా ఆయనకు" అంది. సుగుణమ్మ నాలుక చప్పరించి, "మన కర్మ" అని, ఆ కర్మలో ఇద్దరికీ సగం సగం వాటా పంచినట్టు ఆమె వైపు చూసింది.

మా ఆయనకు. ఆ మాట నోట్లోంచి వచ్చినంత తేలిగ్గా లోపల దిగలేదు. ఆ ఆయన ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తుంటాడు? కూతురు నందినికి ఉల్లిపాయలు తరిగి ఇస్తుంటాడు. మార్కెట్ యార్డులో వేరుశనగ మూటలు మోసే సామ్సన్, నిన్న ఉగ్గాని చేయడం నేర్చుకున్నాడు. నానబెట్టిన బొరుగులు పిండడంలో ఆ చేతులకు ఎంత ఒడుపో! పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆ చేతులు అంత నెమ్మదిగా ఏ పనీ చేయడం చూడలేదు దానమ్మ. నలభై రెండు రోజులుగా అతని నోట చుక్క పడలేదు. అలాంటి మనిషిని ఒక్క మాటతో మళ్ళీ తాగుబోతును చేసింది. ఎవరో తెలియని ముసలామెకేలే అని సర్దుకోబోయింది గానీ, అబద్ధం ఎవరికి చెప్పామన్నది కాదు కదా, ఎవరి మీద చెప్పామన్నది.

షాపులు మూసిన మూడో రోజు సామ్సన్‌కు వణుకు పట్టింది. చేతిలో చెంబు నిలిచేది కాదు. గోడ మీద చీమలు పారుతున్నాయని, తుడవమని అరిచేవాడు. ఆ రోజుల్లో వీధి వీధంతా ఆ ఇంటి వాకిట్లోనే ఉండింది. గడప దాటి రావడానికి లేదు కాబట్టి కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు. ఒకరు నిమ్మకాయలు ఇచ్చారు, ఒకరు మజ్జిగ పంపారు. పాస్టరయ్య ఫోన్లోనే ప్రార్థన చేశాడు, వాలంటీరు అంజలి డాక్టరుతో మాట్లాడి మాత్రలు తెచ్చింది. "భయం ల్యాదక్కా, తాగే అలవాటు ఉండేటోళ్ళకు నిలిపేస్తే ఇట్లనే అవుతాది, వారం దినాలు ఓర్సుకుంటే సాలు" అని ధైర్యం చెప్పింది. దానమ్మ సామ్సన్ తల ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ పట్టేది. గ్లాసు అంచు అతని పళ్ళకు టకటకా కొట్టుకునేది. వణికేది అతని దవడ ఒక్కటే కాదు, గ్లాసు పట్టుకున్న చెయ్యి కూడా వణికేది. మొగుడి అవస్థ చూడలేక పాపం వణుకుతోందనుకున్నారు అందరూ.

చొక్కా తడిసేలా అతనికి చెమట పడితే తుడవడానికి ఆమె ఉంది. ఆమెకు పట్టిన చెమట పొయ్యి దగ్గర పట్టిందని చెప్పుకుంది. కడుపులో తిప్పితే ఉపవాస ప్రార్థనలో ఉన్నానంది. అన్నిటికన్నా భయం ఆ తెల్ల తుపాకీ. అంజలి రోజూ వచ్చి ఇంట్లో అందరి నుదుటికీ గురిపెట్టి జ్వరం చూసేది. ఒళ్ళు కాలుతోందని తేలితే బండి వచ్చి కర్నూలు తీసుకుపోతుంది, పద్నాలుగు రోజులు ఎక్కడో గదిలో పెడతారు, వీధికి కట్టెలు అడ్డం కట్టేస్తారు. జ్వరం కాదమ్మా ఇది అని చెప్పాలంటే మరేమిటో చెప్పాలి. అందుకని అంజలి వచ్చే వేళకు తడిగుడ్డ నుదుటికి అద్దుకుని, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని వాకిట్లో నిలబడేది. అదే ఇంట్లో, అవే రోజుల్లో, అదే జబ్బుతో ఇద్దరు మనుషులు పడి ఉంటే ఒకరికి వీధంతా మంచం చుట్టూ చేరింది, రెండోవాళ్ళు లేచి అన్నం వండారు. తలుచుకుంటే ఇప్పుడు కూడా ఏడుపొస్తుంది దానమ్మకు. అప్పుడైతే ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

ఎట్లా మొదలైంది ఇది? కరివేపాకు చెట్టుతో మొదలైంది. నవ్వొస్తుంది గానీ అంతే. సామ్సన్ సాయంత్రం కోటరు సీసా తెచ్చి గూట్లో పెట్టి, దుమ్ము దురద పోయేదాకా నీళ్ళు పోసుకోవడానికి పోయేవాడు. ఆ కాసేపట్లో ఆమె మూత తిప్పి, మూడో వంతు బయట పారబోసి, ఆ మేరకు నీళ్ళు కలిపేది. తక్కువ తాగుతాడు, తక్కువ అరుస్తాడు, కాలేయానికి కాస్త మంచిది. వీధిలో సగం మంది పెళ్ళాలు చేసే పనే అది, ఒకరికొకరు చెప్పుకునే పని కూడా. పారబోసేది వాకిలి పక్కన కరివేపాకు మొదట్లో. ఆర్నెల్లకు ఆ చెట్టు నిలువునా ఎండిపోయింది. చెట్టుకే అంత చేటయితే మనిషికి ఎంత అని ఆమె గుండె బాదుకుంది. తర్వాత పారబోయడానికి చోటు లేక, ఖాళీ అయిన కొబ్బరినూనె డబ్బాలో పోసి ట్రంకు పెట్టెలో చీరల కింద దాచడం మొదలుపెట్టింది. రేపు ఎక్కడైనా పారేద్దామనే దాచింది, ఆ మాట దేవుడి ఎదుట కూడా చెప్పగలదు. ఆ రేపు రాకముందే పన్ను నొప్పి వచ్చింది. బ్రాందీలో దూది తడిపి పంటి కింద పెట్టుకో, లాగేస్తుంది అని తను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లులో తోటి ఆడవాళ్ళే చెప్పారు. దూదికేం కొదవ, ఒంటినిండా దూదే. పెట్టుకుంది. పన్ను నొప్పి లాగేసింది. దాంతోపాటు చెవుల్లో పొద్దస్తమానం తిరుగుతుండే మిల్లు రొద కూడా ఆగిపోయింది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు ఆమెకు. పన్ను పీకించుకున్నాక కూడా ఆ నిశ్శబ్దం కావాలనిపించింది.

అంతే కావాల్సింది. సామ్సన్‌కు తాగుడంటే నలుగురు మనుషులు, నాలుగు మాటలు, శనక్కాయలు, భుజాల మీద చేతులు, తెల్లారి ఒకరి మీద ఒకరు చెప్పుకునే నవ్వులు. తనకు తాగుడంటే ట్రంకు పెట్టె మూత చప్పుడు కాకుండా ఎత్తడం. మిల్లు నుంచి వచ్చాక, నందిని ట్యూషన్ నుంచి రాకముందు, రెండు వేళ్ళ ఎత్తు. గోడకు ఆనుకుని కూర్చుంటే ఎవరూ దేనికీ పిలవని అరగంట. తర్వాత ఇంత సోంపు నమిలి పొయ్యి వెలిగించేది. ఏనాడూ కూర మాడలేదు, మాట తూలలేదు, వీధిలో పడలేదు. తూలితే కదా ఎవరైనా పట్టుకునేది. ఇంకా విచిత్రం, మొగుడి తాగుడు తగ్గించడానికి తీసిన వాటా తనది అయ్యేసరికి, అతను ఒక రోజు సీసా తేకపోతే ఆమెకే చికాకు. ఎందుకు తేలేదని అడగలేదు, అడిగితే బాగుండదు. "ఈ దినం పని ల్యాదా" అని మాత్రం అనేది.

"వదినా! నువ్వేందీడ?" అన్న పిలుపుకు ఆమె గబుక్కున అటు తిరిగింది. జయన్న. యార్డులో సామ్సన్‌తోపాటు మూటలు మోసేవాడు, అతనితోపాటు తాగేవాడు కూడా. ముక్కు కిందికి జారిన మాస్కు, మెడలో టవలు, మొహమంతా నవ్వు. సామ్సన్ మానేశాక జయన్న పాపం ఒంటరివాడైపోయాడు. కౌతాళం వైపు నుంచి పాలక్యాన్లలో కర్ణాటక మందు పాకెట్లు వస్తున్నాయని, కాలవ గట్టు కంపల్లో నలుగురం కూర్చుంటున్నామని కిటికీ దగ్గర గుసగుసగా ఎన్నిసార్లు పిలిచినా సామ్సన్ పోలేదు. కిటికీకి ఇవతల దానమ్మ బియ్యం ఏరుతూ ఆ గుసగుసలో ప్రతి అక్షరం వినేది. ఏ కంపలు, ఎన్ని గంటలకు, ఎవరి దగ్గర. రోగం అంటుతుందని ఊరంతా వణుకుతుంటే ఒకటే గ్లాసుతో నలుగురు తాగుతున్నారట, అంత ధైర్యం, అంత స్నేహం. తను పోయి అడిగితే? ఒక ఆడది ఆ కంపల్లోకి నడిచి వెళ్ళి నాకూ ఒక పాకెట్ కావాలంటే? ఆ ఆలోచనకే బియ్యం చేటలోంచి ఒలికాయి.

"అన్న పంపినాడా?" జయన్న కళ్ళు పెద్దవి చేశాడు. "నేను అనుకుంటానే ఉండా. ఎన్ని దినాలుంటాడు! ఆదివారం ఆదివారం ఫోన్లో సాక్ష్యం సెప్పె, ఇప్పుడు సూడు, నిన్ను తోలె. అన్నా అన్నే!" అతని గొంతులో ఎగతాళి కన్నా ఎక్కువగా సంతోషం ఉంది. తప్పిపోయిన మనిషి దొరికినంత సంతోషం. దానమ్మ తలవంచుకుంది, అంతే. తలవంచుకుంటే చాలు, మిగతాది చూసేవాళ్ళే పూర్తిచేసుకుంటారు. "మనిషికి మూడు ఇస్తారంట వదినా. మీ లైను బిర్రున పోతాది. అన్నకు ఒగటి, నాకు రెండు. ఏమంటావ్?" అని తనే అడిగి తనే ఒప్పుకుని, వెనక తుమ్మచెట్ల వైపు తిరిగి, "ఓరేయ్, మన సామ్సన్ అన్న మళ్ళీ పార్టీలో కలిసినాడప్పా!" అని కేక వేశాడు. అటు నుంచి ఈలలు వచ్చాయి.

సాక్ష్యం. చర్చి మూసేశాక ఆదివారం ప్రార్థన కాన్ఫరెన్సు కాల్‌లో జరుగుతోంది. పోయిన నెలలో ఒక ఆదివారం సామ్సన్ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఫోన్లో ఎవరికీ కనపడకపోయినా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నేను ఇరవై ఏండ్లు తాగినా. నా పెండ్లాన్ని ఏడిపించినా, నా బిడ్డ పుస్తకాలు అమ్మినా. ఇప్పుడు దేవుడు నన్ను ఇడిపించినాడు. మా ఇంట్లో ఆ వాసన ల్యాదు. నా పెండ్లాం మొకంలో నవ్వు సూస్తాండా" అన్నాడు. ఆమెన్ అని ముప్పై ఇళ్ళ నుంచి ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా వచ్చాయి, ఒక ఆమెన్ వెనక కుక్కర్ కూత కూడా వినిపించింది. నందిని ఏడ్చింది. దానమ్మ వెంటనే మొహంలో నవ్వు పెట్టుకుంది, ఉందని అందరికీ చెప్పేశాడు కదా. ఆ నవ్వు మొహంలో ఉండగానే ట్రంకు పెట్టెలో చీరల కింద ఖాళీ నూనెడబ్బా ఉంది. అందులో చుక్క లేకపోయినా ఆ వాసన మాత్రం ఉంది. మునుపు తాగే వేళకు, నాలుగు గంటలవుతుండగా, ఒక్కోరోజు మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేది. తను కూడా మానుకుంది నిజానికి, అతను మానినన్ని రోజులూ తనూ మానింది. కానీ మానుకున్నానని చెప్పుకోవాలంటే ముందు తాగేదాన్నని చెప్పాలి. ముప్పై ఇళ్ళలో ఒక్కరు కూడా తన కోసం ఆమెన్ అనరు.

నిన్న ఆ పని జరగకపోయి ఉంటే ఇవాళ ఇక్కడికి వచ్చేది కాదు. నిన్న పగలు, అంజలి పంచిన శానిటైజర్ సీసా చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చుందో తెలియదు. అరచేతిలో వేసుకుంటే చల్లగా, అదే వాసన. మూతలో కాస్త పోసింది. మూత పెదవుల దాకా వచ్చింది కూడా. "అమ్మా, ఏం జేస్తాండావ్?" అని నందిని తలుపు దగ్గర నిలబడింది. "సేతులు కడుక్కుంటాండాలే" అంది. ఆ పిల్ల మూత వైపు, తల్లి మొహం వైపు చూసి, సీసా తీసుకుపోయి తన పుస్తకాల వెనక పెట్టుకుంది. పదిహేడేళ్ళ పిల్లకు ఏం అర్థమైందో! ఆ మూత తాగి ఉంటే ఏమయ్యేదో దానమ్మకు తెలుసు. కళ్ళు పోతాయంటారు, ప్రాణం కూడా పోతుందంటారు. అంతకన్నా రెండు వేళ్ళ బ్రాందీ మేలు కదా అనుకుంది. ఇవాళ షాపు తెరుస్తారని తెలిసి, రేషన్ డిపోలో శనగలు ఇస్తున్నారని ఇంట్లో చెప్పి సంచీ తీసుకుని బయలుదేరింది. ఒక్క సీసా. అది అయిపోయేలోగా ఎట్లాగో సర్దుకుంటుంది. ఎట్లాగో అన్నది ఇంకా ఆలోచించలేదు.

షట్టర్ పైకి లేచిన చప్పుడుకు చెప్పుల యజమానులంతా ఒక్కసారి పరుగెత్తుకొచ్చి చెప్పుల్లో దూరారు. పోలీసు లాఠీ చూపించాడు. దానమ్మ కూడా ఎండలోకి వచ్చి కాలిపోతున్న తన చెప్పుల్లో నిలబడింది. మొదటి ఆమె తీసుకుని కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది. దానమ్మ ఒక గుండ్రం ముందుకు జరిగింది. పక్క లైన్లోంచి జయన్న మెడ సాచాడు. "వదినా, ఏది తెమ్మన్యాడు అన్న?"

"ఎప్పుడూ తాగేదే" అంది.

"అది ఇప్పుడు రాదు గదా. పేర్లన్నీ మారిపోయినాయ్. ఏది సెప్పినాడు?"

దానమ్మకు ఒక్క పేరు కూడా తెలియదు. ఇన్నేళ్ళలో ఏనాడూ ఒక సీసా మీది పేరు చదవలేదు. తను తాగింది ఎప్పుడూ నూనెడబ్బాలోంచే, దాని మీద ఉన్నది కొబ్బరికాయ బొమ్మ. రంగు తెలుసు, గొంతులో మంట తెలుసు. పేరు మాత్రం సామ్సన్‌కే తెలుసు. "నీకేం తెలుస్తాదిలే వదినా పాపం, నేనే కనుక్కుంటా" అని జయన్న ఫోన్ తీశాడు. వద్దప్పా, వద్దు అనేలోగా నంబరు కొట్టేశాడు. పదిమందీ వినాలని స్పీకర్ పెట్టాడు. రెండు దగ్గులు, చేతులు కడుక్కోండి అనే ఆడగొంతు కరోనా పాఠం అంతా అయ్యాక ఫోన్ మోగింది.

"ఏమన్నా! మాకు సెప్పకుండా వదినను బ్రాందీ షాపుకు తోలినావే! ఎండలో నిలబడుండాది, సూడలేకపోతాండా. ఏది తెమ్మంటావ్, పేరు సెప్పు."

అవతల ఉల్లిపాయలు తరిగే కత్తి చెక్క మీద ఆగిన చప్పుడు వినిపించిందనుకుంది దానమ్మ, వినిపించకపోయినా. ఇప్పుడు అంటాడు, నేను పంపలేదే అంటాడు. ఆ మాటతో రోడ్డు పొడవునా ఉన్న తలలన్నీ ఇటు తిరుగుతాయి. ఎండకు సున్నం గీతలు కళ్ళల్లో గుచ్చుకుంటున్నాయి.

"అవ్" అన్నాడు సామ్సన్. గొంతు మామూలుగానే ఉంది, కాస్త నెమ్మదిగా. "నేనే పంపినా. ఏదైనా ఒగటి ఇప్పీ." దాని వెనకే, "ఈతూరి నీళ్ళు కలపొద్దని సెప్పు మీ వదినకు" అన్నాడు.

జయన్న విరగబడి నవ్వాడు. లైన్లో నవ్వు పాకింది. ప్రతివాడికీ ఇంట్లో నీళ్ళు కలిపే పెళ్ళాం ఉంది మరి. దానమ్మ ఒక్కతే నవ్వలేదు. తెలుసు. అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళు తాగినవాడికి నీళ్ళు కలిసినది నాలుక మీద పడగానే తెలియదూ? ఎండిపోయిన కరివేపాకు చెట్టును పీకిన రోజు సామ్సన్ వేళ్ళకు అంటిన మట్టి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆమె వైపు చూసి, "ఎండకు పోయింటాదిలే" అన్నాడు. ఎండాకాలం కాదప్పుడు. మజ్జిగ పట్టే రోజుల్లో సగం తాగి, మిగతా సగం ఆమె చేతి మీదికే తోసి, "నువ్వు తాగు, నీకూ వణుకుతాండాది" అన్నాడు. కలవరంలో మాట్లాడుతున్నాడనుకుంది. ఎప్పటి నుంచి తెలుసు నీకు, ఓ మనిషీ? తెలిసీ ఒక్కనాడన్నా అడగలేదే! అడిగితే మానమని చెప్పాలి, ఆ మాట చెప్పాలంటే ముందు తను మానాలి, అందుకని ఊరుకున్నాడు. మానాక ఎందుకు అడగలేదు? సిగ్గుపడ్డాడేమో, నేను నేర్పిన విద్యే కదా అని. ఒకే గదిలో, ఒకే చాప మీద, ఒకరి సంగతి ఒకరికి తెలిసి, ఇద్దరూ ఎవరి గోడకు వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు ఇన్నేళ్ళూ. ఎవరికీ తెలియదనుకున్నప్పుడు కూడా ఇంత ఒంటరితనం అనిపించలేదు ఆమెకు.

ఇప్పుడు ఏం చేశాడు? ఒక్క అవ్ అనే మాటతో తన నలభై రెండు రోజులూ రోడ్డు మీద పారబోశాడు. సాయంత్రానికి వీధికి తెలుస్తుంది, ఆదివారానికి పాస్టరయ్యకు తెలుస్తుంది. ఉతికిన చొక్కా, మోకాళ్ళ మీద కూర్చోవడం, ఆ ముప్పై ఆమెన్లు, అన్నీ అబద్ధం కింద పోతాయి. బతుకులో అతను గెలిచింది అదొక్కటే. ఆ ఒక్కటీ తన కోసం తీసి ఇచ్చేశాడు, సంచీ బరువుగా ఉంటే ఇటు తే అని అందుకున్నంత మామూలుగా. తను తలవంచుకుని తీసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. పాపం దానమ్మ అంటారు, ఇన్నేళ్ళూ అన్నట్టే.

ముందున్న ఆమె పక్కకు తప్పుకుంది. కటకటాల వెనక, మొహానికి ప్లాస్టిక్ అద్దం తగిలించుకున్న మనిషి తల ఎత్తకుండానే, "మీ ఆయనకు ఏది కావాలమ్మా?" అన్నాడు.

దానమ్మ మాస్కు గడ్డం కిందికి లాగింది. మిల్లులో యంత్రాల మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆమెకు పెద్ద గొంతు అలవాటే, ఎప్పుడూ ఇంట్లో వాడలేదు గానీ. "మా ఆయనకు కాదప్పా. మా ఆయన ఇడిసిపెట్టినాడు, నలభై రెండు దినాలాయ. నన్ను కాపాడనీకి అబద్ధం సెప్పినాడు ఇప్పుడు. ఇది నాకు. నేను తాగనీకి."

నవ్వుతున్నవాళ్ళ నవ్వు మధ్యలో ఎక్కడిదక్కడ ఆగింది. ఎవడో "ఆఁ?" అన్నాడు. జయన్న చేతిలో ఫోన్ వైపు, ఆమె వైపు, మళ్ళీ ఫోన్ వైపు చూశాడు. పోలీసు జాలి మొహం మీదే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. కటకటాల వెనక మనిషి ఇప్పుడు తల ఎత్తాడు. ఎత్తి, ఏదో అనబోయి, తన పని అమ్మడమే అని గుర్తొచ్చినట్టు, "ఏది?" అన్నాడు.

"పేరు తెలీదు" అంది దానమ్మ. తాగేదాన్నని చెప్పడానికి లేని సిగ్గు, తాగేదాని పేరు తెలియదని చెప్పడానికి వచ్చింది. మగవాళ్ళ లైన్లో ఇన్ని వందల మంది ఉన్నారు, అందరికీ తెలుసు, ఒక్కడూ నోరు విప్పలేదు.

వెనక గుండ్రంలోంచి చెప్పు ఒకటి రోడ్డు మీద ఈడ్చిన చప్పుడైంది. భుజం పక్కన, వక్కాకు వాసనతో, ఇంతసేపూ కొడుకు గురించి చెప్పిన గొంతు కాకుండా ఇంకో గొంతు, చాలా మెల్లగా అంది. "నల్లమూతది అడుగు. గొంతు మండదు."

దానమ్మ తిరిగి చూసింది. సుగుణమ్మ అప్పటికే తన గుండ్రంలో తను నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, రోడ్డుకు అవతల ఏదో చూస్తోంది. ఎవరితోనూ మాట్లాడనట్టే ఉంది.

"నల్లమూతది" అంది దానమ్మ కటకటాల్లోకి. సీసా బయటికి వచ్చింది. చేతికి చల్లగా తగిలింది. శనగల కోసం తెచ్చిన సంచీ చంకలోనే ఉంది, అందులో వేయాలని అనిపించలేదు. అట్లాగే చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగింది. పొద్దుటి నుంచి పోలీసు ఎంత అరిచినా జరగని మగవాళ్ళు, ఆమెను చూసి ఆరడుగులు వెనక్కి జరిగారు. జయన్న మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. ఇల్లు ఇక్కడికి అరగంట నడక. సామ్సన్ వాకిట్లోనే నిలబడి ఉంటాడు. ఈ సీసా ఇద్దరి మధ్యలో నేల మీద పెట్టి కూర్చోవాలి. అప్పుడు మొదట ఎవరు మాట్లాడతారో, ఏం మాట్లాడతారో ఆమెకు తెలియదు. నాలుగడుగులు వేసేసరికి వెనక నుంచి కటకటాల మనిషి గొంతు వినిపించింది. "నీకేం కావాలవ్వా?"

"నాకేం నాయనా, నా కొడుకుకు" అంది సుగుణమ్మ గట్టిగా, లైనంతా వినేలా. "నల్లమూతది ఇయ్యి."